మా వీధి కుళాయి కడిగిన రోజు

కుళాయిలో నీళ్ళు రావడానికి ముందు గాలి వస్తుంది. మొదట సన్నగా ఈల, తర్వాత ఎవరో గొంతు సవరించుకున్న చప్పుడు, ఆ తర్వాత కాసేపు ఏమీ ఉండదు. ఆ ఏమీ లేని కాసేపట్లో నాకు భలే నిద్ర పట్టేది. బందరులో మా ఇంటి ప్రహరీగోడకి ఆనుకునే వీధి కుళాయి ఉండేది. నా మంచం తలవైపు కిటికీ సరిగ్గా దాని మీదకే. అందుకని చిన్నప్పటినుంచీ నా కలలన్నిటిలోనూ ఎక్కడో ఒక మూల నీళ్ళు పడుతుండేవి. పరీక్ష రాస్తున్నట్టు కలొచ్చినా ఆ హాల్లో ఎవరో బిందె నింపుకుంటూ ఉండేవారు. నేనూ అదేమంత వింత కాదన్నట్టు జవాబులు రాసుకుంటూ పోయేదాన్ని.

మా ఊళ్ళో బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయి. ఆ నీళ్ళతో సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు, మొక్కలు కూడా మొహం మాడ్చుకుంటాయి. కృష్ణ నీళ్ళు కాలవల్లో నడిచి నడిచి, చెరువులో నిలిచి, ఫిల్టరై, ఆఖరికి మా గోడ పక్కన ఆ ఇనప గొట్టంలోంచి పడితేనే మాకు మంచినీళ్ళు. కుళాయి కింద సిమెంటు చపటా ఉండేది. ఎన్నేళ్ళనుంచో బిందెలు పెట్టీ పెట్టీ దాని మీద గుండ్రటి గుంటలు పడ్డాయి. వర్షాకాలం ఆ గుంటల్లో చిన్న చిన్న ఆకాశాలు కనబడేవి.

ఆ కుళాయి దగ్గర మనిషి లేకపోయినా బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. రాత్రే వరసలో పెట్టేసి వెళ్ళిపోయేవాళ్ళు. స్టీలు బిందె, సొట్టబోయిన ఇత్తడి బిందె, చెవి విరిగిన ప్లాస్టిక్ బకెట్టు, ఏమీ లేనివాళ్ళది ఒక ఇటుకరాయి. ఏది ఎవరిదో వీధంతటికీ తెలుసు. ఎవరూ జరిపేవారు కాదు. జరిపితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎవరూ జరిపి చూడలేదు.

అమ్మ ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. మాట కరుకు, చెయ్యి మెత్తన. మా ఇంట్లోకి కుళాయి వచ్చి చాలా ఏళ్ళయినా తాగే నీళ్ళ బిందె మాత్రం వీధి కుళాయి దగ్గరే పట్టుకొచ్చేది. ఎందుకమ్మా అంటే రుచి అనేది. రెండూ ఒకే గొట్టంలోంచి వచ్చే నీళ్ళు కదా అని నేను వాదించేదాన్ని. నేను గుడివాడ కాలేజీలో కామర్సు చెబుతాను, వాదించడం నా ఉద్యోగంలో భాగం. అమ్మ నా వంక ఒక చూపు చూసి బిందె నడుం మీదకి ఎత్తుకునేది.

వరసలో అమ్మకి ముందో వెనకో ఎప్పుడూ ఒకావిడ ఉండేది. కాలవగట్టు మీద రేకుల ఇంట్లో కాపురం. చిలకలపూడి నుంచి రోల్డ్‌గోల్డ్ దుద్దులు తెచ్చుకుని, ఇంట్లో కూర్చుని వాటికి రాళ్ళు అతికి, మళ్ళీ ఇచ్చి వస్తుంది. మేం ఆవిణ్ణి దుద్దులావిడ అనేవాళ్ళం. అతికిన రాయి చెవి మీద ఎలా కుదిరిందో చూసుకోవడానికి ఒక చెవికి ఎర్రది, ఇంకో చెవికి పచ్చది పెట్టుకుని వచ్చేది. ఆ మంచులో, ఆ మసక వెలుగులో, ఆవిడ తల తిప్పినప్పుడల్లా రంగు మారేది. ఆ వరసలో నిలబడేవాళ్ళలో ఇంట్లో కుళాయి లేనిది ఆవిడ ఒక్కదానికే. వంటకీ, తాగడానికీ, స్నానానికీ ఆ కుళాయే దిక్కు.

అమ్మా ఆవిడా ఒకళ్ళనొకళ్ళు వదిలిపెట్టేవాళ్ళు కాదు. “ఇంట్లో కుళాయి పెట్టుకుని ఇక్కడికొచ్చి మా ప్రాణాలు తీస్తారేంటక్కా” అని ఆవిడ. “నా ఊరి నీళ్ళు నేను పట్టుకుంటాను, మధ్యలో నీకేంటి” అని అమ్మ. నేను కిటికీ ఇవతల సగం నిద్రలో ఆ మాటలు వింటూ పడుకునేదాన్ని. ఇప్పటికీ నాకు సుఖమంటే ఏంటో ఎవరైనా అడిగితే ఆ పొద్దుటిపూటే గుర్తొస్తుంది.

ఇదంతా మారబోతోందని నాకు తెలియకపోవడానికి లేదు. రోజూ గుడివాడ వెళ్ళే రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే అదే కనబడేది. వరిచేలు ఉండే చోట చేపల చెరువులు, చెరువుల మీద నురగ చిమ్ముతూ తిరిగే చక్రాలు. రైలు ఊగుతుంటే చేలెక్కడ అయ్యాయో నీళ్ళెక్కడ మొదలయ్యాయో తెలిసేది కాదు. దివిసీమలో మా అక్క అత్తగారి ఊళ్ళో తాగే నీళ్ళ చెరువుని చేపల పెంపకానికి వేలంపాట పెట్టారు. ఇప్పుడు ఆ ఊరంతా డబ్బా నీళ్ళే తాగుతుంది. చెరువుగట్టు మీద ఎవరూ రావొద్దని బోర్డు ఉంది. మా అక్క అది చెప్పినప్పుడు నేను అయ్యో అన్నాను, మర్నాడు క్లాసులో ప్రజా ఆస్తుల సమర్థ నిర్వహణ గురించి పాఠం చెప్పాను. రెండూ ఒకటేనని నాకు తట్టలేదు. నిద్రలో నడిచేవాళ్ళు గుమ్మం తగలకుండానే దాటతారట, నేనూ అలాగే దాటాను.

మా వీధి వంతు వచ్చింది. నీళ్ళ నిర్వహణని ఒక కంపెనీ చేతికి ఇచ్చారని, ఇంటింటికీ మీటరు పెడతారని చెప్పారు. ఒక కుర్ర ఇంజనీరు వచ్చి మా ఎదురింటి వాళ్ళ అరుగు మీద అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడాడు. చాలా మర్యాదస్తుడు, ప్రతి మాటకీ అండీ. వీధి కుళాయిలవల్ల ఎంత నష్టమో ఓపిగ్గా వివరించాడు. మీటరు ఎక్కని నీళ్ళన్నీ పోయిన నీళ్ళ కిందే లెక్క అన్నాడు.

“ఎక్కడికి పోయినయ్యి బాబూ? ఆ అమ్మాయి బిందెలోకేగా” అంది అమ్మ, దుద్దులావిడని చూపించి.

అతను నవ్వేశాడు. నిజానికి అతనికి జవాబు తెలియకపోలేదు, ఆ జవాబు పైకి చెప్పడానికి మొహమాటపడ్డాడు. ఆవిడ ఇల్లు కాలవ పోరంబోకు మీద ఉంది, డోర్ నంబరు లేదు. డోర్ నంబరు లేని ఇంటికి కనెక్షన్ ఇవ్వరు. అయినా భయపడక్కర్లేదని మాత్రం చెప్పాడు. అన్ని వీధి కుళాయిలూ తియ్యరట. పైనుంచి ఒక బృందం వచ్చి ఒక్కొక్కటీ చూస్తుంది, జనం వాడుతున్నవి ఉంచుతుంది, ఊరికే ఉన్నవి తీసేస్తుంది. పెద్దవాళ్ళు వచ్చే రోజు కూడా చెప్పి వెళ్ళాడు.

ఎదురింటి బాబాయిగారు కలెక్టరాఫీసులో గుమాస్తాగా మొదలుపెట్టి సూపర్నెంటుగా రిటైరయ్యారు. జీవితమంతా ఇన్‌స్పెక్షన్లు చూసిన మనిషి. ఇక ఈ విషయం ఆయన చేతిలోకి తీసుకున్నారు. పైవాళ్ళు వస్తున్నారంటే ఏం చెయ్యాలో తనకి తెలుసన్నారు. చోటు అద్దంలా ఉండాలి. గుంపు ఉండకూడదు, చప్పుడు ఉండకూడదు, తడి ఉండకూడదు. వచ్చినవాళ్ళకి ఎక్కడా వేలెత్తి చూపే సందు ఇవ్వకూడదు. మా అందరికీ అది చాలా సబబుగా తోచింది. చర్చి నుంచి పాస్టరుగారు ఇంటికి ప్రార్థనకి వస్తున్నారంటే మేమూ అంతే, ఉన్న సామానంతా వెనక గదిలోకి తోసేసి, ఎవరూ ఎన్నడూ బతకని ఇంటిలా తయారుచేస్తాం. మా వీధిలో ఏ మతం వాళ్ళయినా మర్యాద విషయంలో ఒకటే మతం.

ముందురోజు కుళాయిని కడిగాం. సెలవు పెట్టి నేనూ ఉన్నాను. ఆ రోజు తలుచుకుంటే నాకు ఇంకా ఏదో పండగలో ఉన్నట్టు ఉంటుంది. ఎండ పచ్చగా పడుతోంది. సముద్రం వైపు నుంచి గాలి. ఆడవాళ్ళందరం చీరలు ఎగదోపుకుని చపటా తోమాం. పాచి పోయాక సిమెంటు కింద ఎక్కడో ఉన్న తెలుపు బయటికొచ్చింది. అందరికంటే గట్టిగా తోమింది దుద్దులావిడ. ఇంటినుంచి రాళ్ళు శుభ్రం చేసే బ్రష్షు తెచ్చి కుళాయి మర సందుల్లో తుప్పు గీకింది. మెరుస్తున్న ఆ ఇనపతలని ఒకసారి తిప్పి, ఒకసారి కట్టి, “పెళ్ళికూతురు” అంది. అందరం నవ్వాం. ఎదురింటి పిన్నిగారు దానికి పసుపు రాసి బొట్టు పెట్టారు. అమ్మ అలాంటివి చెయ్యదు. కానీ మా పెరట్లో బంతిపూలు కోసిచ్చింది. బాబాయిగారు గొట్టానికి సున్నం కొట్టించారు. చపటా చుట్టూ ముగ్గు పడింది. సాయంత్రం ఆ కుళాయి పక్కన నిలబడి చాలాసేపు చూశాను. అంత అందమైనది మాది అనిపించింది.

బిందెలన్నీ ఇళ్ళలోకి పోయాయి. ఇటుకరాయిని కూడా ఎవరో గోడవార దాచారు. మర్నాడు పొద్దున ఒక్క పూట ఎవరూ నీళ్ళు పట్టొద్దని, ముగ్గు చెదురుతుందని అనుకున్నాం. దుద్దులావిడకి బాబాయిగారే చెప్పారు, నొచ్చుకోకుండా, చాలా మెల్లగా. తెల్లారకముందే పట్టేసుకుని వెళ్ళిపోమ్మా, వాళ్ళు వెళ్ళేదాకా ఇటు రాకు అని. ఆవిడ సరేనండి అంది. అలాగే చేసింది. తర్వాత తెలిసింది, ఇంటికెళ్ళి తలంటుకుని, పెట్టెలో చీర కట్టుకుని, పెద్దవాళ్ళు తనని ఏమైనా అడిగితే చెబుదామని రేకుల తలుపు దగ్గర కూర్చుందట. ఎవరూ పిలవలేదు.

బృందం వచ్చింది. కారు దిగి ముగ్గు తొక్కకుండా పక్కనుంచి నడిచారు, అదీ ఒక మర్యాదే. మేం ఇస్త్రీ బట్టల్లో ఎవరి గేట్ల దగ్గర వాళ్ళం నిలబడ్డాం. వీధి ఎంత నిశ్శబ్దంగా ఉందంటే ఎదురింటి పంజరంలో చిలక గింజ కొరికిన చప్పుడు వినబడింది. వాళ్ళలో ఒకాయన కుళాయి తిప్పాడు, నీళ్ళు పడ్డాయి, కట్టేశాడు. చేతి రుమాలుతో వేళ్ళు తుడుచుకున్నాడు. ఒకమ్మాయి ఫోనుతో ఫొటోలు తీసింది. ఇళ్ళలో కనెక్షన్లు ఉన్నాయా అని అడిగారు. బాబాయిగారు చేతులు కట్టుకుని, వీధిలో ప్రతి ఇంటికీ ఉందండి, ఏ కంప్లయింటూ లేదండి అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. కాలవగట్టుని వీధి అనుకునే అలవాటు మాకెవరికీ లేదు, అంతే. కొబ్బరిబొండాలు ఇచ్చాం. ఇంత నీట్‌గా ఉన్న కుళాయి ఊళ్ళో ఎక్కడా చూడలేదని మెచ్చుకుని వెళ్ళారు.

ఆ మధ్యాహ్నం పిన్నిగారింట్లో అందరం కాఫీలు తాగాం. గట్టెక్కామనుకున్నాం. నేను కూడా. చదువుకున్నదాన్ని, నలుగురికి చదువు చెప్పేదాన్ని, ఖాళీగా మెరుస్తున్న ఆ చపటాని చూసి వాళ్ళకి ఏమనిపిస్తుందో ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

కొన్ని వారాలకి మనుషులొచ్చి గొట్టం కోసేశారు. నేలకి సమానంగా సిమెంటు పూశారు. పనివాళ్ళు కూడా మర్యాదగానే ఉన్నారు, తాగడానికి నీళ్ళడిగితే మా ఇంట్లోంచే ఇచ్చాం. బాబాయిగారు ఆఫీసుకి పరిగెత్తారు. అక్కడ ఎవరో ఆయన్ని కూర్చోబెట్టి, కంప్యూటర్లో మా కుళాయి ఫొటో తెరిచి చూపించారట. ముగ్గు, పూలు, తెల్లటి చపటా, చుట్టుపక్కల ఒక్క బిందె లేదు, ఒక్క మనిషి లేడు. వాడకంలో లేదని రాశారండి, ఫొటో చూస్తే మీకే తెలుస్తుంది కదండీ అన్నారట. తియ్యడం అయిపోయాక మళ్ళీ పెట్టే ఏర్పాటు లేదన్నారట. ఆయన ఇంటికొచ్చి చొక్కా కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుండిపోయారు. అమ్మ ఆయన్ని ఒక్క మాట అనలేదు. అంటే ఆయనకి కాస్త తేలిగ్గా ఉండేదేమో. ఆయన అరుగు మీద పేపరు చదవడం మానేశారు, ఇప్పటికీ లోపలే చదువుకుంటారు.

నాకు నిద్ర పాడైంది. కుళాయి వచ్చే వేళకి తెలివొచ్చేస్తుంది, కిటికీ అవతల ఏమీ ఉండదు. నా కలల్లో కూడా ఇప్పుడు అంతా పొడిగా ఉంటుంది. ఒకసారి కలలో ఆ చపటా మీద మేమందరం మంచి బట్టలు కట్టుకుని వరసలో నిలబడ్డాం, ఎవరి చేతిలోనూ బిందె లేదు, ఎందుకు నిలబడ్డామో ఎవరికీ గుర్తులేదు. చాలా బాధేసింది నాకు, లేచాక కూడా.

అమ్మ మాత్రం బాధతో కూర్చునే రకం కాదు. గోడకి అవతలివైపు మన కుళాయి ఒకటి పెట్టిద్దాం అంది. గొట్టం ప్రహరీ దాటితే కనెక్షన్ కట్ చేస్తామని మీటరతను చెప్పాడు. సరే, గోడ లోపలే ఉంటుంది, ఆవిడే లోపలికొచ్చి పట్టుకుంటుంది అంది అమ్మ. గేటుకి తాళం తీయించేసింది. దుద్దులావిడకి కబురు పంపింది, రోజూ పొద్దున వచ్చి నీకెన్ని కావాలంటే అన్ని బిందెలు పట్టుకెళ్ళు, మా ఇల్లు వేరనుకోకు అని. నాకు అమ్మ మీద చాలా గర్వంగా అనిపించింది. సమస్య తీరిపోయిందనే అనుకున్నాను.

మర్నాడు పొద్దున పళ్ళు తోముకుంటూ వాకిట్లో ఉన్నాను. ఆవిడ వచ్చింది. గేటు తెరిచే ఉంది. లోపలికి రాలేదు. గేటు బయట చెప్పులు విడిచింది. ఆ కుళాయి దగ్గర అన్నేళ్ళు చెప్పులతోనే నిలబడి అమ్మతో వాదులాడిన మనిషి.

“అమ్మగారూ” అంది. ఆవిడ నోట ఆ మాట నేను వినడం అదే మొదటిసారి.

అమ్మ వరండాలోకొచ్చి రమ్మంది. ఆవిడ వచ్చి బిందెని కుళాయి కింద పెట్టి, వెనక్కి జరిగి, చేతులు కట్టుకుని నిలబడింది. “కాస్త నీళ్ళు పొయ్యండమ్మగారూ.”

“నువ్వే తిప్పుకో. ఇదేం కొత్త?” అంది అమ్మ. గొంతులో నవ్వుంది ఇంకా.

“ఎందుకులెండి. మీ మీటరు తిరుగుద్ది కదండీ. మీరు ఎంత పోస్తే అంతే. నేను ముట్టుకోనండి.”

మాటలో నిష్ఠూరం లేదు, దెప్పిపొడుపు లేదు. ఎదుటివాళ్ళ ఇంటికి వచ్చినప్పుడు ఎలా ఉండాలో అలా ఉంది, అంతే. అమ్మ మెట్టు దిగి వచ్చి, వంగి, కుళాయి తిప్పింది. నీళ్ళు పడుతున్నంతసేపూ ఆవిడ నేలవంక చూస్తూ నిలబడింది. చాలండి అంది. నిండలేదని అమ్మ అంది. చాలండి అని మళ్ళీ అంది.

ఆవిడ వెళ్ళాక అమ్మ టిఫిను తినలేదు. రైలు టైమవుతోందని నేను హడావుడిలో ఉంటే, కాసేపు కూర్చో అంది. అప్పటిదాకా నాకు ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పింది. కృత్తివెన్ను దగ్గర వాళ్ళ ఊళ్ళో మంచినీళ్ళ చెరువు ఒక్కటే. మా వాళ్ళు అందులో బిందె ముంచకూడదు. అమ్మమ్మ, వెనకాల చిన్నపిల్ల అమ్మ, చెరువుగట్టు కింద నిలబడేవాళ్ళు. ఊళ్ళోవాళ్ళు నీళ్ళకొచ్చినప్పుడు అమ్మమ్మ బిందె పెట్టి, వెనక్కి జరిగి, కాస్త పొయ్యండమ్మగారూ అనేదట. దయగలవాళ్ళు ఉండేవారట, గట్టు మీద నిలబడి ధారగా పోసేవారట. పొయ్యని రోజు ఎదురుచూడటమే. పోసినవాళ్ళని తల్లీ అని దణ్ణం పెట్టడమే.

అమ్మ నర్సు ట్రైనింగుకి బందరు వచ్చిన కొత్తలో మొదటిసారి ఒక వీధి కుళాయి దగ్గరికెళ్ళి, ఎవర్నీ అడక్కుండా, తన చేత్తో తనే తిప్పిందట. ఎవరైనా వచ్చి అరుస్తారేమోనని చుట్టూ చూసిందట. వెనక నిలబడినావిడ అరవలేదు. తొందరగా కానియ్యమ్మా, నాకు వంట టైమవుతోంది అందట.

“ఆ మాట అన్నందుకు ఆవిడ కాళ్ళు పట్టుకోవాలనిపించింది” అంది అమ్మ.

రైలు వెళ్ళిపోయింది. అమ్మ కిటికీలోంచి గేటు వైపు చూసింది. ఆ తర్వాత మామూలు గొంతుతో, మందులు తెమ్మన్నట్టు చెప్పింది.

“రేపట్నించి నువ్వు పొయ్యి. ఆ గట్టు మీద నేను నిలబడలేను.”

రోజూ పొద్దున నేనే పోస్తున్నాను. ఆవిడ వెనక్కి జరిగి నిలబడుతుంది. చాలండి అన్నప్పుడు కట్టేస్తాను.